తెల్లపెట్టె, జున్నుపాలు

నా పేరు సల్కిన్. మా భాషలో చల్లన అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు నేను నోరు విప్పేదాకా ఆగి ఉంటే ఇంకేదైనా చూసుకునేవారు. అయితే ఇప్పుడు చెప్పబోయేది నా కథ కాదు, మా తోడికోడలు షరాపత్ కథ. ఆమె ఇంటికి పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఒకే వాకిలి, ఒకే పొయ్యి, ఒకే అత్తగారు. ఇన్నాళ్ళూ జుట్లు పట్టుకోకుండా బతికామంటే మా ఇద్దరిలో ఎవరో ఒకరు మంచివాళ్ళయి ఉండాలి. అది నేను కాదని కరాబులుంగ్ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

షరాపత్ పని చేసేది ఊరి చివర ఉన్న వాతావరణ కేంద్రంలో. మేమంతా దాన్ని మెటియో అంటాం. కంచె వేసిన గడ్డిమైదానం, గాలి దిశ చూపే స్తంభం, మధ్యలో పొడుగు కాళ్ళ మీద ఒక తెల్ల చెక్కపెట్టె. గాలి దూరి ఎండ దూరకుండా దాని గోడలు ఏటవాలు పలకలతో ఉంటాయి. లోపల పాదరసం గొట్టాలు. పగలూ రాత్రీ మూడేసి గంటలకోసారి వెళ్ళి ఎంత వేడి, ఎంత చలి అని చూసి పై ఆఫీసుకు చెప్పాలి. మంచు తుపాను అయినా, ఇంట్లో చావు అయినా అంతే. ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని చేసే పని, తక్కినవాళ్ళు మానేశాక చాలా ఏళ్ళు ఆమె భర్తతో కలిసి లాక్కొచ్చింది.

ఆమెకో అలవాటు ఉంది. పెట్టె తలుపు తీసే ముందు గుండెల నిండా గాలి పీల్చి ఊపిరి బిగబడుతుంది. తన ఊపిరి వేడికి పాదరసం ఒక పిసరు పైకి పోతుందేమోనని. చూడటం, తలుపు వేయడం, రెండడుగులు వెనక్కి వేయడం, అప్పుడు ఊపిరి వదలడం. భర్త మీద అరిచేటప్పుడు లేని జాగ్రత్త ఆ గాజుగొట్టాల ముందు మాత్రం ఉండేది.

సోవియట్ రాజ్యం కూలిన కొత్తలో జీతాలు ఆగిపోయాయి. ఒక నెల పిండి బస్తా వచ్చేది, ఒక నెల అదీ లేదు. కొండ కనుమకు అటూ ఇటూ ఉన్న కేంద్రాల్లో చాలామంది పొయ్యి దగ్గర కూర్చుని తోచిన అంకెలు చెప్పేవారు. ఆ పనివాళ్ళ భాషలో దాన్ని 'కప్పు చూసి రాయడం' అంటారు. బయటికెందుకు, పైకప్పు చూస్తే అంకె దొరుకుతుందిగా! షరాపత్ మాత్రం నడుస్తూనే ఉంది. మా అత్తమ్మ బురుల్‌కి ఒళ్ళు మండేది.

"జీతమివ్వని దొరకి సలాములెందుకే నీకు?"

"జీతం ఆగింది గానీ చలి ఆగలేదుగా అత్తమ్మా," అనేది షరాపత్ బూట్లు తొడుక్కుంటూ.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. రెండు సంసారాలకీ కలిపి ఒకటే ఆవు. వసంతంలో వచ్చే నూరూజ్ పండుగ ముందు ఈనింది. నేను ఏడో నెల కడుపుతో ఉన్నాను. చలికాలమంతా ఎండురొట్టె, ఉప్పు టీ తప్ప ఎరగనిదాన్ని, ఆ ఆవు పొదుగు వంక చూస్తూ జున్ను కోసం పసిపిల్లలా ఎదురుచూశాను. మొదటి పాలు పిండి, పొద్దున్నే కాచి చుట్టాలను పిలుద్దామని అత్తమ్మ చల్లటి కొట్లో పెట్టింది. తెల్లారి చూస్తే చెంబు ఖాళీ. కడిగి బోర్లించి ఉంది.

అత్తమ్మ చెంబు వంక చూసింది. తర్వాత నా కడుపు వంక చూసింది.

"అడిగితే పెట్టనటే? కడుపుతో ఉన్నదానివి, మొదటి గిన్నె నీకే అనుకున్నాను. దొంగతనంగా తాగే ఖర్మేమిటి?"

రొట్టె మీద ఒట్టు పెట్టాను. ఏడ్చాను. పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు వేయబోతే మా ఆయన నా నోరు మూశాడు. "తాగితే తాగావులే," అని నవ్వాడు, ఆ నవ్వు మరీ కాల్చింది. షరాపత్ అటు తిరిగి పిండి కలుపుతోంది. నా వైపు మాట్లాడలేదని కోపమొచ్చింది గానీ అనుమానం రాలేదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే వయసు నాది.

రెండు నెలలకు పిల్ల పుట్టింది, తెల్లగా. అత్తమ్మ అక్మరాల్ అని పేరు పెట్టింది, తెల్లజింక అని. వచ్చిన ప్రతి ముసలమ్మా నవ్వడమే. "తెల్లగా పుట్టక ఏమవుతుంది? తల్లి దొంగ జున్ను తాగిందిగా!" ఆ తర్వాత మా ఇంట్లో వెన్న తగ్గినా, మీగడ కరిగినా, చక్కెరముక్క కనబడకపోయినా ఒకటే మాట: దొంగపిల్లిని అడగండి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను తాగని పాలకు ముప్ఫై ఏళ్ళు కళ్ళు దించుకుని బతికాను.

కిందటేడాది శరదృతువులో, మందలు కొండ దిగి వచ్చాక, రాజధాని నుంచి బేగాయిమ్ అనే అమ్మాయి వచ్చింది. పాత వాతావరణ లెక్కల్లో ఏది నమ్మవచ్చో ఏది కూడదో చూడటం ఆమె పని. సన్నటి మనిషి, పెద్ద కళ్ళజోడు, మాట మెత్తన. అత్తమ్మ ఆమెను మెటియో గదిలో కూర్చోనివ్వక ఇంటికి లాక్కొచ్చింది. నూనెలో వేయించిన పిండిముక్కలు, బూర్సోక్, గుట్టగా పోసి, పాలు కలిపిన టీ పోశాం. వాసన పట్టినట్టు ఒముర్‌బెక్ మాస్టారు ఊడిపడ్డాడు. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. భూమి వేడెక్కుతోందంటే ఆయనకు కోపం.

"అక్కా, మీ లెక్కల్లో ఒక గుంట ఉంది," అంది బేగాయిమ్.

"గుంటా?" అంది షరాపత్.

అమ్మాయి తిండి ముందు పరిచిన దస్తర్ఖాన్ గుడ్డ మీద బూర్సోక్ ముక్కలు రెండు వరుసలుగా పేర్చింది. పై వరుస కనుమ అవతలి కేంద్రాలు. కింది వరుస మాది. ఒక్కో ముక్క ఒక్కో ఏడాది. రెండు వరుసలూ పక్కపక్కన నడుస్తున్నాయి. మధ్యలో ఒక పదేళ్ళు మా ముక్కలు కిందికి జారాయి, తర్వాత మళ్ళీ పైకి వచ్చి కలిశాయి.

"ఈ పదేళ్ళూ మీ మధ్యాహ్నాలు పక్కవాళ్ళ కంటే చల్లగా ఉన్నాయి. అదీ ఎండ కాసిన రోజుల్లోనే. రాత్రుళ్ళు సరిగ్గానే ఉన్నాయి, పొద్దుటిపూటలూ సరిగ్గానే ఉన్నాయి. ఎందుకో అంతుబట్టట్లేదు."

మాస్టారు చెయ్యి చాచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మాస్టారూ, అది తొంభై ఏడు," అంది బేగాయిమ్.

"తినేశాగా. ఇప్పుడు వేడి తగ్గిందా పెరిగిందా చెప్పు. ఇదీ మీ లెక్కల సంగతి!"

అందరం నవ్వాం, షరాపత్ తప్ప.

"ఆ పదేళ్ళు జీతాల్లేని ఏళ్ళు," అంది ఆమె నెమ్మదిగా. "నేను కప్పు చూసి రాశానంటావు, అంతేనా?"

"నేననట్లేదక్కా."

"నువ్వు అనకపోతే మీవాళ్ళు అంటున్నారు. లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తావు?"

అమ్మాయి దాచలేదు. "అంటున్నారు. చాలాచోట్ల అలాగే జరిగిందిగా. కారణం తెలిస్తే ఆ ఏళ్ళను సరిచేసి ఉంచుకోవచ్చు. తెలియకపోతే తీసి పక్కన పెట్టేస్తారు. అందుకే నేనే వస్తానన్నాను."

తీసి పక్కన పెట్టడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. కాళ్ళకు గోనెసంచులు చుట్టుకుని మంచులో నడిచిన ఏళ్ళు అవి. తన పెద్దకొడుకు జ్వరంతో మూలుగుతుంటే వాణ్ణి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిన ఏళ్ళు. ఆమె జీవితంలో ఇదీ నేను చేసింది అని చూపించుకోవడానికి ఉన్నవి అవే. వాటినే అబద్ధమంటున్నారు.

మాస్టారుకు పండగలా ఉంది. "చెబుతూనే ఉన్నాగా! పెట్టే అబద్ధమైతే ఎండలు ముదిరాయన్న మాటా అబద్ధమే."

"కాదు మాస్టారూ. ఈ గుంట పూడిస్తే ఈ ఒక్క కేంద్రంలో పెరిగిన వేడి కాస్త తగ్గి కనబడుతుంది, నిజమే. అసలు పెరగలేదని మాత్రం కాదు. అవతలి కేంద్రాల్లోనూ పెరిగింది. ఒక్క పెట్టెని ఎవరూ నమ్మరు, పక్కవాటితో పోల్చే చూస్తారు. పోల్చబట్టే గుంట దొరికింది."

"మీ పెట్టెలెందుకమ్మా?" అంది అత్తమ్మ. "నేను కాపరానికొచ్చినప్పుడు వాకిట్లో నిలబడితే పైన కొండ మీంచి నాలుకలా దిగిన మంచుగడ్డ కనిపించేది. ఇప్పుడేదీ?"

"నీ కళ్ళకి పొరలొచ్చాయిలే బురుల్ వదినా," అన్నాడు మాస్టారు.

"నీ బుద్ధికొచ్చినంత మందంగా రాలేదులే మరిదీ."

బేగాయిమ్ నవ్వు ఆపుకుని మళ్ళీ షరాపత్ వైపు తిరిగింది. "ఆ రోజుల్లో ఏమైనా మారిందా అక్కా? పక్కన చెట్టు పెరిగిందా, గోడ కట్టారా, పెట్టె చోటు మార్చారా?"

"ఏదీ మారలేదు."

"పెట్టెకి రంగు?"

"ఏటా వసంతంలో పై ఆఫీసువాళ్ళు రేడియోలో అడిగేవాళ్ళు, పెట్టె తెల్లగా ఉందా అని. తెల్లగానే ఉందని చెప్పేదాన్ని. ఉండేది కూడా."

"ఆ రోజుల్లో ఎక్కడికీ రంగు డబ్బాలు పంపలేదే! మరి దేనితో తెల్లగా ఉంది?"

షరాపత్ గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది. పెట్టె తలుపు తీసే ముందు ఎలా బిగబడుతుందో సరిగ్గా అలాగే. అత్తమ్మ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఎందుకు చూస్తోందో నాకు తెలియలేదు.

"సున్నం," అంది.

"వట్టి సున్నమా? ఒక్క వానకు పోతుందిగా?"

"పోయింది. చెక్క నల్లగా బయటపడింది. పాలు కలిపితే పట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది."

"ఏ పాలు?"

ఆ ప్రశ్న వేసింది బేగాయిమ్ కాదు, అత్తమ్మ.

"మొదటి ఏడు జున్నుపాలు, అత్తమ్మా. ఇంట్లో ఉన్నవి అవే. తర్వాత ఏటా వెన్న తీసిన పాలు, కాసిని. కొత్త రంగు వచ్చేదాకా."

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నా కోపం టీకుండ మీదికి పోయింది. దాన్ని నేలకు కొట్టినంత పని చేశాను.

"నాచేత రొట్టె మీద ఒట్లు వేయిస్తుంటే అటు తిరిగి పిండి కలుపుతున్నావు కదక్కా!"

"కలిపాను."

"ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్ళీ ఏటికి పాలు ఉండవు. పెట్టె నల్లబడితే ఎండ పీల్చుకుని లేని వేడి చూపిస్తుంది."

"పెట్టె నల్లబడకూడదని నా మొహం నల్లబరిచావా?"

ఆమె తల దించుకోలేదు. "తప్పే సల్కిన్," అంది. "ఆ రోజే చెబుదామనుకున్నా. మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాటికి ఇంకా కష్టమైంది. ఇవాళ కూడా ఈ పిల్ల అడక్కపోతే చెప్పేదాన్ని కాదేమో."

అత్తమ్మ కప్పులో టీ అలాగే వదిలేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మాస్టారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పాపం బేగాయిమ్, పరాయి ఇంటి గొడవలో ఇరుక్కున్న మొహంతో బూర్సోక్ ముక్కలు పళ్ళెంలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

వెళ్ళే ముందు ఆమె చెప్పింది: నమ్ముతున్నాను, అయితే నా నమ్మకం ఆఫీసులో చెల్లదు. వసంతంలో రెండు పెట్టెలు పక్కపక్కన పెడదాం. ఒకదానికి మామూలు రంగు, రెండోదానికి అప్పుడు వేసినట్టే పాలసున్నం. ఎండాకాలం గడిచేదాకా రెండూ చూద్దాం. తేడా ఆ గుంటంత ఉంటే మీ ఏళ్ళు ఉంటాయి. లేకపోతే నేనేం చేయలేను.

ఫలితం ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరు దాని కోసం చూస్తూ అసలు సంగతి వినరు. తేడా ఉంది. మంచి ఎండలో పాలసున్నం పెట్టె రంగు పెట్టె కంటే దాదాపు అర డిగ్రీ చల్లగా ఉంది; పాలసున్నం రంగు కంటే ఎక్కువగా ఎండను వెనక్కి కొడుతుందట. గుంట లోతూ అంతే. షరాపత్ ఏళ్ళు ఉన్నాయి, పక్కన ఒక చిన్న సవరణతో. మాస్టారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఒక్క పెట్టెలోనే ఇంతుంటే, మిగతావాటిలో ఎన్ని గుంటలున్నాయో!" అన్నాడు. "అందుకే వెతుకుతున్నాం మాస్టారూ," అంది బేగాయిమ్ ఫోన్లో. ఇద్దరూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, కొట్టుకోనివ్వండి.

అసలు సంగతి ఆ చలికాలం. అత్తమ్మ షరాపత్‌తో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలన్నా నాతో అనేది, పిడకలు తెమ్మన్నా నాతో అనేది. నాతోనూ ముప్ఫై ఏళ్ళ మాట ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు, పొరబడ్డాననీ అనలేదు. ఎనభై దాటిన మనిషిని నేనేమని నిలదీయను? నేను షరాపత్‌తో మాట్లాడకూడదనుకున్నాను. వారం కూడా గడవలేదు. నాకు అన్నం లేకపోయినా జరుగుతుంది, మాట లేకపోతే జరగదు. పైగా, నిజం చెప్పొద్దూ, ఆమె మీద కోపం ఉన్నంతసేపూ జాలి కూడా ఉంది. మంచులో ఆ పెట్టె దగ్గరికి వంగి నడిచిపోతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. దొంగతనం చేసి ఒక్క చుక్క తాను తాగని దొంగని నేను ఇంకెక్కడా చూడలేదు.

వసంతం వచ్చింది. కొత్త పెట్టె వచ్చింది. సున్నం నానబెట్టింది షరాపత్. సరిగ్గా నూరూజ్ ముందే ఆవు ఈనింది, ఆ ఆవు మనవరాలికి మనవరాలు కాబోలు. బేగాయిమ్ మాట గుర్తుంది: అప్పుడు వేసినట్టే వేయాలి. కానీ షరాపత్ నోరు ఎలా పెగులుతుంది?

"వెన్న తీసిన పాలు చాల్లే," అంది నాతో. "తర్వాతి ఏళ్ళు అవే వేశాగా. జున్నుపాలు అడగలేను."

అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చెవుడని మేమనుకుంటాం.

మర్నాడు పొద్దున మేమిద్దరం మెటియోలో సున్నం కలుపుతుంటే కంచె తలుపు కిర్రుమంది. అత్తమ్మ! ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పాలచెంబు, నడుముకు ఏదో మూట కట్టుకుని, బురదలో ఒక్కో అడుగే వేస్తూ వస్తోంది. అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి ఒక్కసారి కూడా ఆ కంచె లోపలికి రాని మనిషి. పరుగెత్తి చెంబు అందుకోబోతే కర్రతో పక్కకు నెట్టింది. నేరుగా వెళ్ళి షరాపత్ ముందు నిలబడింది.

"అడుగు," అంది.

షరాపత్ ఊపిరి బిగబట్టింది. "అత్తమ్మా, పెట్టెకి పాలు కావాలి."

"ఏ పాలు?"

"జున్నుపాలు."

అత్తమ్మ చెంబు ఆమె చేతిలో పెట్టింది. "ఆనాడు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదు. చెక్కకి పాలేమిటే పిచ్చిదానా అని తిట్టేదాన్ని. అందుకే నువ్వు అడగలేదు. ఆ తప్పు నాది. సల్కిన్ మొహం చూసి కూడా నోరు విప్పకపోవడం నీది. ఆ సంగతి నువ్వూ తనూ తేల్చుకోండి."

షరాపత్ ఏడుస్తోందని నాకు తెలుసు, అటు తిరిగి సున్నం తొట్టిలో పాలు పోస్తోంది కాబట్టి మొహం కనబడలేదు. ఈసారి అటు తిరిగినందుకు నాకు కోపం రాలేదు.

"నువ్విలా రా," అంది అత్తమ్మ నాతో. పెట్టె మెట్ల మీద చతికిలబడి నడుముకు కట్టిన మూట విప్పింది. పాత ఉన్నిశాలువాలో చుట్టి, ఇంకా వెచ్చగా, గిన్నెడు కాచిన జున్ను. పైన పంచదార కూడా చల్లింది.

"ఇప్పుడేమిటి అత్తమ్మా, ఇంటికెళ్ళి తింటాలే."

"ముప్ఫై ఏళ్ళ కింద పెట్టాల్సింది. చల్లారకముందు తిను."

చెంచా కోసం మూటలోకి చెయ్యి పెడితే ఇంకో గిన్నె తగిలింది. అదీ నిండా ఉంది, మూతపెట్టి ఉంది. షరాపత్‌కి కాబోలు అనుకున్నాను, మనసులో కాస్త చురుక్కుమంది కూడా.

"రెండోది ఎవరికి?"

"నీకే," అంది అత్తమ్మ విసుగ్గా. "ఆనాడు నువ్వు ఒక్కదానివే ఉన్నావటే?"

రెండు గిన్నెలూ నేనే తిన్నాను.